లేనియర్ సరస్సు మీద ఎగిరే కుర్చీ: నా వేసవి డైరీ

ఏప్రిల్ 20, శనివారం

పక్కింటి పెద్దాయన గరాజ్ సర్దుతున్నాడని సాయానికి వెళ్లాను. పాత టైర్లు, గడ్డి కోసే మెషీను దాటి వెనక్కి పోతే గోడకి ఆనించి ఒక వింత వస్తువు కనిపించింది. అడుగున చిన్న విమానం బొమ్మలాంటిది. దాని వీపు మీంచి నిలువుగా మీటరు పొడవు అల్యూమినియం బద్ద. బద్ద పైన పొట్టి బోర్డు, ఆ బోర్డు మీద కుర్చీ, కుర్చీకి బెల్టు. ఎవరో కాళ్లు విరిగిన ఆఫీసు కుర్చీని తెచ్చి విమానం నెత్తిన దిగ్గొట్టినట్టుంది.

"ఎయిర్ చెయిర్" అన్నాడు పెద్దాయన. తొంభైల్లో కొన్నాడట. బోటు వెనక తాడు పట్టుకుని దీని మీద కూర్చుంటే, కొంత వేగం వచ్చాక బోర్డు నీళ్లు వదిలి పైకి లేస్తుంది. నీళ్లలో ఉండేది ఆ బద్ద, కింది రెక్కలు మాత్రమే. మనిషి నీటికి రెండు మూడడుగుల ఎత్తున చప్పుడు లేకుండా పోతుంటాడు.

"ఈత వచ్చా నీకు?" అని అడిగాడు. వచ్చు, మా ఊరి కాలవలో నడుముకి బెండు కట్టి నేర్పించారు అన్నాను. బెండు అంటే ఏమిటో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతా విని, "అయితే తీసుకుపో. నా వెన్ను ఇక దీనికి ఒప్పుకోదు. బోటు నేను నడుపుతా" అన్నాడు.

మేముండేది కమింగ్‌లో, అట్లాంటాకి ఉత్తరాన. ఈ ఊళ్లో తెలుగువాళ్ల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, కొత్తిమీర కట్ట దగ్గర కూడా మనవాళ్లే తగులుతారు. ఇంటి నుంచి పావుగంట నడిపితే లేనియర్ సరస్సు. చట్టహూచీ నది మీద 1950ల్లో బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడింది. 1996 ఒలింపిక్స్‌లో పడవ పోటీలు దీని మీదే జరిగాయి. పన్నెండేళ్లుగా ఆ సరస్సుతో మా సంబంధమల్లా ఒడ్డున చికెన్ కాల్చుకు తిని రావడమే. నాకు నలభై మూడేళ్లు. కాస్త పొట్ట. చూద్దాం.

ఏప్రిల్ 28, ఆదివారం

వారమంతా రిపేరు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మా గరాజ్‌లో పెట్టాను. మా ఆవిడ రెండోరోజే చూసింది. "ఏంటండీ ఇది, డెంటిస్టు కుర్చీలా ఉంది?" అంది. చెప్పాను. ఏమీ అనలేదు. అనకపోవడమే భయం.

బోల్టుల దగ్గర అసలు కష్టం. మరలేమో స్టెయిన్‌లెస్ స్టీలు, అవి బిగుసుకున్న ఒళ్లేమో అల్యూమినియం. ఈ రెండూ తడిలో ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే అల్యూమినియం తెల్లగా పొడిలా లేచి మరని పట్టేస్తుంది. అలెన్ కీ వేసి బలంగా తిప్పితే తల అరిగిపోతుంది తప్ప మర కదలదు. రెండు రాత్రులు నూనె పోసి నానబెట్టాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను (అది మా అమ్మాయిది, దానికీ గొడవైంది). ఏడింటిలో ఆరు వచ్చాయి. ఏడోది డ్రిల్లు వేసి తీయాల్సి వచ్చింది. కొత్తవి వేసేటప్పుడు మరలకి గ్రీజులాంటి యాంటీ-సీజ్ పూశాను, ఈసారైనా పట్టుకోకుండా.

ముందు రెక్క అంచున గోళ్లలాంటి గంట్లు ఉన్నాయి. ఎప్పుడో రాయికి తగిలినట్టుంది. 400 నంబరు గరుకు కాగితం, తర్వాత 600, నీళ్లు చల్లుకుంటూ రుద్దాను. అంచు మరీ పదునెక్కకూడదు, రేపు అది నా కాలి పక్కనే ఉంటుంది. బెల్టు పట్టీ ఎండకి పెళుసెక్కి చేత్తో లాగితే పోగులు లేచింది. అది మాత్రం పారేసి కొత్తది తెచ్చాను. తూకం వేస్తే మొత్తం 16 కిలోలు.

మే 4, శనివారం

నీళ్లలోకి దిగలేదు. పెద్దాయన ఇంటి వెనక గడ్డిలో రెండు ఇటుకల దొంతరల మధ్య రెక్కలు దూర్చి కుర్చీని నిలబెట్టాడు. నన్ను బెల్టుతో కట్టేసి, తాడుని చెట్టుకి కట్టి, హ్యాండిల్ నా చేతికిచ్చాడు. మా బావమరిది ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి గుంటూరు నుంచి ముగ్గురు ఫోన్ చేశారు.

ఆయన చెప్పినవి మూడే. పడ్డప్పుడు హ్యాండిల్ వదిలెయ్యి. నీళ్లలో ఏమైనా సరే కంగారుపడి బెల్టు విప్పకు, కుర్చీలో ఉన్నంతసేపు రెక్కలు నీకు దూరంగా ఉంటాయి, బయటికొస్తేనే అవి నిన్ను వెతుక్కుంటూ వస్తాయి. మూడోది, చేతులతో ఏమీ చెయ్యకు. మొదటి రెండూ వెంటనే అర్థమయ్యాయి. మూడోది అర్థం కావడానికి జూన్ దాకా పట్టింది.

మే 11, శనివారం

మొదటిరోజు. ప్రయత్నాలు 9. లేచినవి 0.

పొద్దున్న ఏడింటికల్లా నీళ్ల మీద ఉన్నాం. ఆ వేళకి సరస్సు అద్దంలా ఉంటుంది. తొమ్మిది దాటితే పెద్ద బోట్లు వచ్చి కలిపేస్తాయి. స్టీరింగ్ దగ్గర పెద్దాయన, వెనక్కి తిరిగి నన్ను చూస్తూ చేతి సైగలు చేయడానికి బావమరిది. నడిపేవాడు ముందుకి చూడాలి కాబట్టి లాగుతున్న మనిషి మీద కన్నేసి ఉంచేవాడు ఇంకొకడు ఉండాల్సిందే.

నీళ్లలో కూర్చోవడమే ఒక విద్య. వీపు మీద వాలి తేలాలి, మోకాళ్లు ముడిచి ఉంటాయి, బోర్డు ముక్కు మాత్రం నీటి పైకి కనబడుతూ తాడు వైపు చూడాలి. కిందున్న రెక్కలకి నా గోల పట్టదు. అవి వాటికి నచ్చిన వైపు తిరుగుతాయి, వాటితోపాటు నేనూ. మొదటి మూడుసార్లు తాడు బిగిసే లోపే పక్కకి దొర్లాను. బెల్టుతో కట్టేసి ఉండగా తలకిందులు కావడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ముక్కులోంచి సరస్సు మెదడుకి వెళ్లింది. లైఫ్ జాకెట్టే పక్కకి తిప్పి పైకి తెస్తుంది, రెండు సెకన్లు ఓపిక పట్టాలంతే. ఆ రెండు సెకన్లు పట్టడమే కష్టం.

తర్వాత ఆరుసార్లు బోటు లాగింది. లాగిన వెంటనే నీటి గోడ ఒకటి ఛాతీ మీదకొచ్చింది. తాడు చేతుల్లోంచి పోయింది. "బావా, కుర్చీ మాత్రం లేచింది, నువ్వే అందులో లేవు" అన్నాడు బావమరిది. అబద్ధం, బెల్టు ఉంది. కానీ చూసేవాళ్లకి అలాగే అనిపించిందట.

మే 18, శనివారం

ప్రయత్నాలు 11. బోర్డు మీద లేచినవి 2, రెండూ అయిదు సెకన్ల లోపే.

ఇవాళ తేలింది, తప్పు సగం బోటుది. పెద్దాయన పాతకాలం స్కీయింగు మనిషి. స్కీల మీద వాళ్లని నీళ్లలోంచి లేపాలంటే థ్రాటిల్ (వేగం పెంచే లివరు) ఒక్కసారిగా తోయాలి. ఈ కుర్చీకి అలా పనికిరాదు. బోర్డు ముక్కు నీళ్ల మీదకి ఎక్కే దాకా మెల్లగా, నడకకంటే కాస్త ఎక్కువగా లాగాలి. ఎక్కాక నెమ్మదిగా వేగం పెంచాలి. ముప్పై ఏళ్ల కిందట తనని లాగింది వాళ్లావిడట, అందుకని ఈ సంగతి ఆయనకి ఎప్పుడూ తెలియలేదు. ఆవిడ ఇప్పుడు లేరు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తాడు కూడా మార్చాం. మనుషులు కూర్చునే గాలి ట్యూబులు లాగే తాడు రబ్బరులా సాగుతుంది, సాగి ఒక్కసారి ముందుకి విసురుతుంది. సాగని తాడు, 65 అడుగులది వేశాం. బోటు మీద ఎత్తుగా ఉండే టవర్‌కి కాకుండా బోటు వెనక కిందనున్న కొక్కేనికి కట్టాం.

మే 25

మెమోరియల్ డే సెలవు వారాంతం. సరస్సు నిండా బోట్లు, బోట్ల నిండా బీరు. వెళ్లలేదు.

అమ్మ ఫోన్ చేసింది. వాట్సాప్‌లో ఎవరో పంపారట, లేనియర్ అడుగున మునిగిన ఊళ్లు, శ్మశానాలు ఉన్నాయి, దయ్యాలు కాళ్లు పట్టి లాగుతాయి అని. ఈ కథ ఇక్కడి తెలుగు గ్రూపుల్లో ప్రతి వేసవీ తిరుగుతుంది. డ్యామ్ కట్టినప్పుడు ఇళ్లూ పొలాలూ మునిగిన మాట నిజం. అడుగున చెట్ల మోళ్లు ఉన్న మాటా నిజమే, నాకు భయం వాటితోనే. నా రెక్కలు నీటి కింద మీటరు లోతులో పోతాయి. నీటిమట్టం తగ్గిన ఏడాది ఒడ్డు దగ్గర మోడు తగిలితే బోర్డు అక్కడే ఆగుతుంది, నేను ఆగను. అందుకే ఒడ్డుకి దూరంగా, పెద్దాయనకి కొట్టిన పిండైన లోతు పాయలోనే తిరుగుతున్నాం. అమ్మకి మాత్రం లైఫ్ జాకెట్ లేకుండా దిగనని చెప్పాను. "దయ్యానికి జాకెట్టేంట్రా" అంది.

జూన్ 1, శనివారం

బోర్డు మీద 14 మైళ్ల వేగంతో మా పాయ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లొచ్చాను. ఎగరలేదు, ఎగరనివ్వలేదు. ముందుకి వంగి బోర్డుని నీళ్లకి అదిమి పట్టి ఉంచడమే ఇవాళ్టి పాఠం. ఎగరడం నేర్చుకోవాలంటే ముందు ఎగరకుండా ఉండటం రావాలట. అన్నం ముందు పెట్టుకుని వడ్డన అయ్యేదాకా ఆగమన్నట్టుంది. కానీ పడకుండా ఇంటికి రావడం ఇదే మొదటిసారి.

జూన్ 8, శనివారం

ఎగిరాను!

వేగం 16 మైళ్లు. పెద్దాయన బొటనవేలు పైకెత్తాడు. ఇన్నాళ్లూ ముందుకి వంచి ఉంచిన వీపుని నిటారు చేశానంతే. బోర్డు కింద నీళ్లు చేసే పటపట శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎవరో టీవీ కట్టేసినట్టు. కిందకి చూశాను, నా పాదాల కింద ఖాళీ. ఆ చూడటమే తప్పు. కంగారులో హ్యాండిల్ ఛాతీకి లాక్కున్నాను. కుర్చీ ఇంకా పైకి లేచింది, ఇంకా, ముందు రెక్క నీళ్లలోంచి బయటికొచ్చింది. రెక్క గాలిలోకొస్తే దాన్ని మోసే నీరు లేదు. గాలికంటే నీరు దాదాపు 800 రెట్లు చిక్కన, అందుకే అరచేయి వెడల్పు రెక్క నన్ను మోయగలుగుతోంది. ఆ నీరు తప్పుకోగానే మూరెడు ఎత్తు మీంచి మొహం మీద పడ్డాను.

మొత్తం ఎగిరింది మూడు సెకన్లు. బావమరిది వీడియోలో లెక్కపెట్టాడు.

తర్వాత పదమూడుసార్లు అదే. లేవడం, ఇంకా లేవడం, దబ్బున పడటం. లేదా ఇంకో రకం: పైకి పోతోందని ముందుకి వంగుతాను, వంగేసరికి అది దిగిపోతుంది, దిగిపోతోందని వెనక్కి వాలుతాను, వాలేసరికి ఎగిరిపోతుంది. డాల్ఫిన్‌లా పైకీ కిందికీ మూడు గంతులు, నాలుగో గంతుకి పల్టీ. నేను చేసే ప్రతి సవరణా ఒక అర సెకను ఆలస్యం. ఆ ఆలస్యంలోనే కుర్చీ తన పని తాను చేసుకుపోతోంది.

జూన్ 9, ఆదివారం

ఒళ్లంతా పచ్చి పుండు. మెడ తిరగట్లేదు. బెల్టు ఒరుసుకున్న చోట తొడల మీద రెండు నల్లటి చారలు. ఎడమ చెవిలో నీరు. మా ఆవిడ ఉప్పు కాపడం పెడుతూ, "ఈ వయసులో మోకాళ్లు అరగకుండా నడవండి చాలన్నాడు డాక్టరు. ఆయన చెప్పింది నడవమని" అంది.

నాన్నతో వీడియో కాల్. నిన్నటి వీడియో చూపించాను. నాన్నకి డెబ్బై నాలుగు. ఎయిర్ చెయిర్, హైడ్రోఫాయిల్ అంటే నీటి రెక్క అని మొదలుపెట్టబోతే ఆపి, ఇంకోసారి వేయమన్నాడు. మళ్లీ ఇంకోసారి.

"వెనక బరువేస్తున్నావురా. వెనక బరువైతే కాడి లేవక ఏం చేస్తుంది?"

నేను చిన్నప్పుడు వడ్ల బస్తాలు బండికెత్తడం చూశాను కానీ, నాన్న ఏం చూసి ఎత్తించేవాడో ఎప్పుడూ గమనించలేదు. ఎడ్లబండికి ఇరుసు మధ్యలో ఉంటుంది. బస్తాలు ముందుకి ఎక్కువ వేస్తే బరువంతా కాడి మీద పడి ఎద్దు మెడ పుండు పడుతుంది. వెనక్కి ఎక్కువ వేస్తే బండి వెనక్కి మొగ్గి కాడి ఎద్దుల మెడల మీంచి పైకి లేస్తుంది. మొగ్గు ముందుకి పిసరంత ఉండాలి, అంతే. ఆఖరి బస్తా వేశాక నాన్న కాడిని ఒక చేత్తో ఎత్తి చూసేవాడు, అది నాకు గుర్తుంది.

"నీ తలకాయ ఒక బస్తా అనుకో. దాన్ని వెనక్కి వేస్తున్నావు. నువ్వు లాగే తాడు ఇంకో బస్తా, అదీ వెనక్కే పడుతోంది" అన్నాడు.

పెద్దాయన "చేతులతో ఏమీ చెయ్యకు" అన్నది ఇదే. హ్యాండిల్ లాక్కుంటే ఒళ్లంతా వెనక్కి వాలుతుంది, వాలితే రెక్క ముక్కు ఎత్తుతుంది. నేను ఆపడానికి లాగుతున్నాను, అదేమో లేవమన్నట్టు తీసుకుంటోంది.

జూన్ 15, శనివారం

పిసరంత మొగ్గు. చేతులు చాచి, హ్యాండిల్ మోకాళ్ల దగ్గర. చూపు బోటు మీద, నీళ్ల మీద కాదు. భుజాలు కాకుండా గడ్డం మాత్రం ఒక అంగుళం ముందుకి, ఒక అంగుళం వెనక్కి. గడ్డమే సైకిలు హ్యాండిల్ బారు అనుకోవాలి.

8 సెకన్లు. 11. 6. 14.

పద్నాలుగు సెకన్లు ఎగిరానని సోమవారం ఆఫీసు మీటింగులో చెబితే ఎవరికీ ఎక్కలేదు. పద్నాలుగు సెకన్లు ఎంత పొడుగో పడేవాడికే తెలుసు.

జూన్ 22, శనివారం

పెద్దాయన ఒక డబ్బా తెచ్చాడు, అందులో పల్చటి ప్లాస్టిక్ ముక్కలు. షిమ్‌లు. వెనక రెక్కకీ, రెండు రెక్కల్నీ కలిపే అడుగు కడ్డీకీ (టీ-బార్) మధ్య ఒక చివర పెడితే రెక్క వాలు వెంట్రుకవాసి మారుతుంది. వెనక రెక్క ముందంచుని కాస్త ఎత్తితే తోక పైకి తేలుతుంది, ముక్కు దిగుతుంది, మొత్తానికి కుర్చీకి లేచే దూకుడు తగ్గుతుంది. నేర్చుకునేవాడికి అదే కావాలి. బాగా తోలేవాళ్లు, గాల్లోకి దూకేవాళ్లు దీనికి తిరగేసి పెట్టుకుంటారు.

మొదట పొరపాటున తిరగేసే పెట్టాం. బోటు 13 మైళ్లు కూడా దాటకముందే నన్ను గాల్లోకి విసిరింది. నాకు తెలియకుండానే దూకడం వచ్చేసింది. పడటంలో నాలిక కొరుక్కున్నాను.

సరిగ్గా పెట్టాక మాత్రం వేరే కుర్చీ. ముందుకి వంగాల్సిన అవసరం సగం తగ్గింది. 27 సెకన్లు. నాన్న భాషలో చెప్పాలంటే ఒక బస్తా ముందుకి జరిపాం.

జూలై 13, శనివారం

నాలుగో తారీఖు, అమెరికా స్వాతంత్ర్య దినం, ఆ వారమంతా బోట్ల రద్దీ, పోయిన శనివారం వాన. మూడు వారాల తర్వాత నీళ్లలోకి. మరిచిపోయుంటానని భయపడ్డాను. చిన్నప్పుడు నాన్న సైకిలు అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకున్నాక ఎండాకాలం సెలవుల్లో వదిలేసినా మళ్లీ వచ్చేది. ఇదీ వచ్చింది. మొదటి ఊపులోనే 40 సెకన్లు.

నేరుగా వెళ్తున్నంతసేపు బానే ఉంది. బోటు మలుపు తిరిగింది. నేను మలుపుకి బయటివైపు ఉన్నాను. బోటు తిరిగే వలయం చిన్నది, నాది పెద్దది. అంటే బోటు 16లో ఉంటే నేను 20 దగ్గర ఉన్నానన్నమాట. రెక్క ఎత్తే బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 16 నుంచి 20కి వేగం పెరిగింది పావు వంతే, ఎత్తే బలం మాత్రం 56 శాతం పెరుగుతుంది. ఈ లెక్క నాకు గాల్లో ఉండగా తట్టలేదు, ఇంటికొచ్చి కాగితం మీద వేసుకున్నాను. గాల్లో ఉండగా తట్టిందల్లా "అయ్యో" ఒక్కటే.

పక్కటెముక పట్టేసింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. నాలుగు వారాలు విశ్రాంతి.

ఆగస్టు 10, శనివారం

విశ్రాంతి రోజుల్లో పారిస్ ఒలింపిక్స్ చూశాం. తెరచాప పోటీలు మార్సేయిలో. విండ్‌సర్ఫింగ్ బోర్డులు, గాలిపటం కట్టుకుని పోయే కైట్ బోర్డులు అన్నీ ఫాయిల్ మీదే నడుస్తున్నాయి. మా అమ్మాయి సోఫా మీంచి లేచి, "నాన్నా, ఇది మీ కుర్చీనే కదా, కుర్చీ లేదు అంతే" అంది. ఆ మాట ఎంత నిజమో వెతికితే తెలిసింది.

నీటి రెక్కల ఆలోచన పాతదే. ఇటలీలో ఎన్రికో ఫోర్లానీనీ 1906లో మజ్జోరే సరస్సు మీద రెక్కల పడవ నడిపాడు. టెలిఫోన్ గ్రాహమ్ బెల్ కూడా ఈ పిచ్చిలో పడ్డాడు, ఆయన బృందం కట్టిన హెచ్‌డీ-4 పడవ 1919లో కెనడాలో గంటకి 70.86 మైళ్ల వేగం అందుకుంది. ఆ తర్వాత స్కీలకి రెక్కలు బిగించి నిలబడి తోలేవి వచ్చాయి కానీ అవి మామూలు మనుషుల వల్ల కాలేదు. 1980ల చివర్లో మైక్ మర్ఫీ, బాబ్ వూలీ అనే ఇద్దరు దాని మీద కుర్చీ పెట్టారు. అరిజోనాలో లేక్ హవాసూ సిటీ నుంచి ఎయిర్ చెయిర్ అమ్మకానికొచ్చింది. మనిషిని కూర్చోబెట్టి కట్టేస్తే మోకాళ్లు, మడమలు తలా ఒక దిక్కుకి పోవు, తూకం చూసుకోవాల్సింది నడుము నుంచి పైభాగానికే. అదీ కిటుకు. కొన్నాళ్లకి హవాయిలో పెద్ద అలల సర్ఫర్ లెయిర్డ్ హామిల్టన్, ఆయన మిత్రులు అదే ఎయిర్ చెయిర్ రెక్కల్ని సర్ఫ్ బోర్డులకి బిగించుకుని, స్నోబోర్డు బూట్లేసుకుని పెద్ద అలల మీద నిలబడ్డారు. ఇప్పుడు కనబడే ఫాయిల్ బోర్డులకి దారి అక్కడ పడింది.

కాబట్టి మా పెద్దాయన గరాజ్‌లో మూలుగుతున్నది ముసలి తాత. దాని మీద కాస్త గౌరవం పెరిగింది. పడేస్తే మాత్రం తాతలా పడేయడు.

సాయంత్రం రెండు రౌండ్లు. 35 సెకన్లు, 52 సెకన్లు. పక్కటెముక ఏమీ అనలేదు.

ఆగస్టు 24, శనివారం

బోటు వెనక రెండు వైపులా పాయల్లా విడిపోయే అల, వేక్ అంటారు, దాన్ని దాటాలి. ఇన్నాళ్లూ రెండు అలల మధ్యనే కూర్చుని పోతున్నాను. సరిగ్గా మధ్యలో, ప్రొపెల్లర్ వెనక, నీరు తెల్లగా నురగ. నురగంటే సగం గాలి. అక్కడ రెక్కకి పట్టు తక్కువ, కుర్చీ మెత్తగా కుంగుతుంది. కాస్త పక్కకి జరిగితే పచ్చటి గట్టి నీరు. తేడా పిరుదులకి తెలుస్తుంది, రోడ్డు మీంచి ఇసుకలోకి దిగిన బండిలా.

అల దాటేటప్పుడు ఏం చేయాలని అడిగితే పెద్దాయన "ఏమీ చేయకు" అన్నాడు. ఈయన సలహాలన్నీ ఇంతే. నేను చేశాను. అలని చూసి గడ్డం ఎత్తాను. పడ్డాను. రెండోసారి అలకి ముందే వంగాను. బోర్డు ముక్కు అలలో గుచ్చుకుని పడ్డాను. ఆరోసారి బావమరిది ఏదో అరుస్తున్నాడు, ఏమంటున్నాడా అని అటు చూస్తూ ఉండిపోయాను. తీరా చూస్తే అల దాటేసి ఉన్నాను. అల బోర్డు కిందుగా పోయింది. రెక్క లోతులో ఉంది, దానికి పైన అల ఉన్న సంగతే పట్టలేదు.

వాడు అరిచింది "బావా, ఫోన్ బ్యాటరీ అయిపోయింది" అని. అల దాటిన వీడియో లేదు.

సెప్టెంబర్ 21, శనివారం

2 నిమిషాల 10 సెకన్లు. పడలేదు, చేతులు నొప్పెట్టి నేనే దిగాను. నాలుగుసార్లు అటూ ఇటూ అల దాటాను. పొద్దున్నే పల్చటి పొగమంచు, రెక్క చేసే సన్నటి ఈల తప్ప ఇంకో శబ్దం లేదు. ఎడమ పక్క ఒక కొంగ కాసేపు నా ఎత్తులోనే ఎగిరింది. నా వంక చూడను కూడా చూడలేదు.

మా అమ్మాయి ప్రయత్నిస్తానంది. బెల్టు దాని నడుముకి ఎంత బిగించినా వదులే. వచ్చే ఏడాది.

సెప్టెంబర్ 28

హెలీన్ తుఫాను దాటిపోయింది. మాకు పెద్దగా ఏమీ కాలేదు. గాలివాన తర్వాత సరస్సులో కొమ్మలు, దుంగలు తేలుతుంటాయి, కొన్ని నీటికి బెత్తెడు కిందే ఉండి కనబడవు. పెద్దాయన రెండు వారాలు వద్దన్నాడు.

అక్టోబర్ 12, శనివారం

దసరా. పొద్దున్నే మా ఆవిడ కార్లకి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతోంది. గరాజ్‌లో కుర్చీ దగ్గర ఆగింది. దాని సీటుకి మూడు బొట్లు పెట్టి, "దీనికి చక్రాల్లేవు, నిమ్మకాయ ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగింది. రెక్కల కింద పెట్టాం, ఒక్కోదాని కింద ఒకటి. పెద్దాయన వచ్చి చూసి, ముప్పై ఏళ్లలో దీనికి ఇంత మర్యాద జరగలేదన్నాడు. రెండు పులిహోర ముద్దలు తిన్నాడు, మూడోది అడిగి కట్టించుకుపోయాడు.

మధ్యాహ్నం ఈ ఏటికి ఆఖరి రౌండు. నీళ్లు చల్లబడ్డాయి, వెట్‌సూట్ వేసుకున్నా పళ్లు టకటకలాడాయి. మూడుసార్లు ఎగిరాను, రెండుసార్లు పడ్డాను. మలుపులో బయటివైపు ఇంకా భయమే. పెద్దాయన తిరిగేటప్పుడు వేగం తగ్గిస్తున్నాడు కాబట్టి నడుస్తోంది.

సాయంత్రం విప్పి కడిగాను. అమ్మ కుట్టిచ్చిన పాత బొంతని రెండుగా కోసి రెక్కలకి చుట్టాను. నాన్న ఫోన్‌లో అడిగింది ఒక్కటే, "మరలకి కందెన పెట్టావా?" అని. పెట్టాను. ముందు రెక్క ఎడమ బోల్టుకి మరచుట్లు అరిగిపోయాయి, ఎంత తిప్పినా బిగియట్లేదు. కొత్తది ఆర్డర్ పెట్టాలి, ఈసారి పావు అంగుళం పొడుగుది.